గడప దాటని బిట్లు

బ్ర్నోలో నవంబరు. మూడున్నరకే
కిటికీలో ట్రామ్ దీపాలు.
ఎదురు బల్ల దగ్గర బోజెనా స్కౌమలోవా
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
ముప్పైరెండు బిట్ల వరసని
తెర మీద చూపుడువేలితో రెండుగా కోస్తోంది.

"కింది పదహారూ తీగ మీద పోతాయి.
పై పదహారూ ఇంట్లోనే ఉండాలి."

చెప్పాల్సింది అంతే.
పద్దెనిమిదేళ్లుగా ఎవరూ చెప్పలేదు.

తాళం ఒక్కటి, యంత్రాలు ఐదు.
ఒకటి పట్టుకుంటే నాలుగు ఆగాలి.
అవతలివాడు ఎత్తిన జెండాకి
అవతలివాడు అనుకున్న అర్థమే ఉందని
నమ్మి ఆగాలి.

పోయిన నెల ఒస్త్రావా గిడ్డంగిలో
ఒక యంత్రం తనకోసం రాసుకున్న గుర్తు,
'ఇదింకా సర్దలేదు, తర్వాత చూద్దాం' లాంటిది,
ప్యాకెట్ ఎక్కి పక్కింటికి పోయింది.
పక్కింటివాడు మర్యాదస్తుడు.
సర్దేదాకా ఆగాడు.
తెల్లవార్లూ ఆగాడు.
గేటు బయట పదకొండు లారీలు
మంచు కప్పుకుని ఆగాయి.

కొత్తవాణ్ణి, ఉండబట్టలేక అన్నాను:
"పేర్లే చెబుతున్నాయిగా, మళ్లీ కామెంటెందుకు?"
"పేర్లు, పెట్టినవాడికి చెబుతాయి" అంది
తెర మీంచి చూపు తిప్పకుండా.

ఇది పంపేది. ఇది పంపనిది.
ఇది పంపేదే, కానీ అవతల చదవరు.
ఒక్కో వరసా మెంతులు ఏరినట్టు ఏరుతూ
ఇరవై ఒకటో బిట్టు దగ్గర ఆగిపోయింది.

అది ఎక్కడా వెలగదు.
ఒక్కచోట మాత్రం ఆరుతుంది.

వెలిగించనిదాన్ని ఆర్పింది ఓటకర్.
ఇప్పుడు మికులోవ్ దగ్గర తేనెటీగలు పెంచుతాడు.
ఫోన్‌లో సుత్తి చప్పుడు, చలికాలం పెట్టెలు బాగుచేస్తున్నట్టున్నాడు.
చాలాసేపటికి చప్పుడు ఆగింది.
"ఏదో భయపడి పెట్టాను, బోజెన్కా.
ఏం భయమో గుర్తులేదు."

ఆమె నవ్వలేదు.
చల్లారిన టీ ఒక గుక్క తాగి, కొట్టింది:
'ఇంటిదే అనుకుంటున్నాం.
ఎందుకుందో తెలియదు.
వాడేముందు అడగండి.'

"ఎవర్ని?" అన్నాను.

కళ్లద్దాలు కిందికి దించుకుంది.
మొదటిసారి నన్ను సరిగా చూసినట్టుంది.
ఆ వరస చివర ఓటకర్ పేరు రాయలేదు,
వచ్చే మార్చిలో రిటైరయ్యే తన పేరూ రాయలేదు.

నా పేరులో ఒక అక్షరం తప్పు కొట్టింది.
దిద్దమని చెప్పడానికి
ఎందుకో నాకు నోరు రాలేదు.