ఖాళీలు మినహాయించి

వాడపేట లాకు దగ్గర
కాలవగట్టు రోడ్డు వెడల్పు చేస్తారట,
టేపు పట్టుకుని నేను వెళ్ళాను.
ఎం-బుక్కులో మొదటి గీత:
రొట్టెల బట్టీ, ఒకటి. గోడ మందం ఇరవయ్యేడు అంగుళాలు.
తాటి దూలాలు ఆరు, అందులో ఒకటి చెద.
బంగళా పెంకు. లెక్కకు రాదు.

"పొడుగూ వెడల్పూ రాసేసుకున్నావు,
ఎలా కట్టేరో రాసుకోవా మరి?"
అంది కరీమున్నీసా, గుమ్మంలో పీట వాల్చుకుని.

ముందు ఇసక పోశారట.
గోదారి తడి ఇసక, తొమ్మిది బళ్ళు.
గుమ్మటంలా కుప్పచేసి, అరచేతుల్తో నునుపు పెట్టి,
దాని ఒంటిమీద ఇటిక పక్కన ఇటిక,
గానుగ సున్నం, కరక్కాయ నీళ్ళు, బెల్లప్పాకం.
మేస్త్రీ బొంతు అప్పలస్వామి.
తాపీ ఆయన చేతిలోనూ ఉండేది, నడకలోనూ ఉండేది.
కాలవ సూపర్నెంటు దొరకి రొట్టె లేనిదే తెల్లారదు,
మేస్త్రీకి సున్నం ఆరనిదే తెల్లారదు.
నలభై రోజులు దొర ఇడ్లీలు తిన్నాడు.

నలభయ్యొకటో నాడు
మూరెడు నోట్లోంచి ఏడేళ్ళ కుర్రాణ్ణి లోపలికి తోసి
తట్టలతో తోడించారు.
ఇసక బయటికొచ్చింది,
దాని ఆకారం లోపలే ఉండిపోయింది.
ఆ కుర్రాడే పీరాను. మా మావగారి నాన్న.

పలకల కింద గాజుపెంకులు,
వాటి కింద మళ్ళలోంచి తెచ్చిన గళ్ళుప్పు.
నిప్పు లాగేశాక కూడా వేడిని
అలిగిన కోడలిలా అదే పట్టుకు కూర్చునేదట.
ముసురు పట్టిన వారాల్లో
ఊళ్ళో చంటిపిల్లల గుడ్డలన్నీ ఇక్కడే ఆరేవి,
ఎవరివి ఏవో తెలీక తగూలు కూడా.

రొట్టె తీసే తెడ్డు నిజంగా తెడ్డే,
లాకులో పగిలిన పడవది.

తాను నోట పెట్టని కల్లు
పిండిలో పోసేవాడు పీరాను.
కుడుపూడి వీరాసామి చెట్టు దిగి
మొదటి ముంత ఇక్కడే దించేవాడు, నురగ అణగకముందే.
"నిప్పులోకెళ్ళొచ్చాక దేనికైనా పాపం మిగుల్తుందా?"
అని ఇద్దరూ బీడీ ముట్టించుకునేవారు.

అప్పుడు రొట్టంటే జ్వరపడ్డవాళ్ళ తిండి.
బన్ను కోసం బడిపిల్లలు
చంకలో ఉల్లిపాయ పెట్టుకొచ్చేవారు.
పీరాను నుదురు ముట్టి చూసి
"అబ్బో, కాలిపోతోంది" అనేవాడు, చల్లటి నుదుటిని.

ఎనభయ్యారులో గోదారి వచ్చింది.
పెంకుల దాకా వచ్చింది.
నీరు తీశాక చూస్తే బట్టీ నిండా ఇసక,
గుమ్మటం కొలతకి సరిగ్గా.
"దాని అచ్చు అది చూసుకోడానికొచ్చిందిరా"
అన్నాడట ముసలాయన, మంచం మీంచి.
మళ్ళీ ఒక చిన్న కుర్రాడు కావలసొచ్చాడు.
ఈసారి కరీమున్నీసా కొడుకు.
వారం రోజులు రొట్టెల్లో ఒండ్రు వాసన.
ఒక్కరూ తిరిగివ్వలేదు.
ఇళ్ళల్లో బియ్యం తడిసిపోయాయి మరి.

మా లెక్కల్లో ఒక పద్ధతుంది.
గోడంతా కొలిచి, తలుపులూ కిటికీలూ తీసేస్తాం.
ఖాళీలు మినహాయించి అని రాస్తాం.
ఖాళీకి రేటు లేదు.

బట్టీ నోట్లోకి టేపు వదిలాను.
తొమ్మిదడుగుల రెండంగుళాల చీకటి.
చివర మెత్తగా ఏదో కదిలింది. టార్చి వేస్తే
బూడిదలో బూడిదరంగు పిల్లి,
నాలుగు కూనలు, కళ్ళింకా తెరవనివి.

"పొయ్యి ఆరి పదకొండేళ్ళు," అంది కరీమున్నీసా,
"ఇక్కడ వెచ్చగా ఉంటుందని
దానికెవరు చెప్పారో."

రిమార్కుల గడిలో రాశాను:
వచ్చే గురువారం దాకా పని మొదలుపెట్టరాదు.
కారణం దగ్గర చాలాసేపు పెన్ను ఆడలేదు.
కాలవలో గుర్రపుడెక్క మెల్లగా లాకు వైపు పోతోంది.
తర్వాత రాశాను:
లోపల కాపురం ఉంది.