సాగనంపే మనిషి

జయపురంలో విమానం దిగే చోటు
మా కుట్టుమిషను కొట్టుకి ఆటోలో పావుగంట.
తొమ్మిది సీట్ల బండి,
ఎక్కే మనుషుల్ని కూడా కాటా మీద నిలబెడతారట,
బెల్లం దిమ్మల్ని తూచినట్టు.

తలుపు దగ్గర జవాను అడిగాడు,
"జిబా లోక కిఏ?"
వెళ్ళేదెవరని.
ఇద్దరం చెయ్యెత్తాం.

ఇరవై ఆరేళ్ళ అలవాటు.
దమయంతినేం అడిగినా జవాబు నాది.
రేషనాఫీసులో నేను, సూదిమందు కాడ నేను,
"గుంట పేరేటమ్మా?" అంటే నేను.
ఒకసారి పెళ్ళిభోజనాల్లో
అది ఎందుకు నవ్విందో కూడా నేనే చెప్పాను,
అబద్ధం చెప్పాను.

టికెట్టు మాత్రం ఒకటే ఉంది.

"దీనికి చెవులు వినబడవు బాబూ,
మైకులో పిలిస్తే ఎవరు చెబుతారు?
కుర్చీలో కూచోబెట్టి వచ్చేస్తాను.
ఆధార్ కార్డు ఉంచుకో,
కావాలంటే చెప్పులుంచుకో."
కుర్రాడే, బొలంగీర్ వైపు యాస.
విసుక్కోలేదు, గోడ మీది బోర్డు చూపించాడు.
మూడు భాషల్లో కాదని రాసుంది.
తెలుగు లేదు.
ఉంటే అదీ కాదనే అనును.

నాకు గేట్లు కొత్త కాదు.
సుంకి చెక్‌పోస్టులో బస్సాపి
పార్వతీపురం అత్తకి పట్టుకెళ్ళే చింతపండులో
గంజాయి కోసం మోచేతి దాకా వెతికారు,
చింతపండే దొరికింది.
రైలుకైతే ప్లాట్‌ఫారం టికెట్టుంటుంది.
పది రూపాయలిచ్చి కిటికీ ఊచ పట్టుకుంటే
బండితోపాటు నాలుగడుగులు పరిగెత్తనిస్తారు.
ఇక్కడ ఆ చీటీ అమ్మరు.
సాగనంపడానికి ఇంకా ఎవరూ రేటు కట్టలేదు.

అద్దంలోంచి చూశాను.
దమయంతి కాటా ఎక్కింది, సంచీ ఎక్కింది,
సంచీ నల్లపెట్టెలోకి దూరి
బయటికి రావడానికి చాలాసేపు ఆలోచించింది.
ఆడజవాను అందులోంచి కత్తెర తీసింది,
దారాలు తెంపేది, వేలంత.
నేనే పెట్టాను.
భువనేశ్వర్‌లో ఆ ఎంబ్రాయిడరీవాళ్ళు
మొదటిరోజే పని చూపమంటారేమోనని.
తలుపు సందులోంచి నా చేతికొచ్చింది.
మనిషి లోపలికెళ్ళింది, కత్తెర బయటికొచ్చింది.

నా పక్కన ఒకాయన అద్దానికి నోరానించి
"బీపీ మాత్ర! బీపీ మాత్ర!" అని అరుస్తున్నాడు.
లోపల ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టి
ఏటీ అంటోంది.
అద్దం మీద ఆయన ఊపిరి తెల్లగా అంటుకుంది తప్ప
మాట దాటలేదు.

అప్పుడు దమయంతి చేతులెత్తింది.
కూచున్నాను.
కాఫీ యాభై, తాగలేదు.
ఆ లావుపాటాయన నా వైపు కూచుంటే
బండి ఒరిగిపోద్ది.
నేను పకపకా నవ్వాను.
బీపీ మాత్రాయన ఎందుకన్నట్టు చూశాడు.
ఈసారి చెప్పలేదు.

జవాను మా చేతులకేసి చూసి
బోర్డుకేసి చూశాడు.
సైగల గురించి అందులో ఏమీ లేదు.

మైకు మోగింది.
నేను చెబుదామని చెయ్యెత్తేలోపు
అది లేచి నిలబడింది.
ఎనిమిదిమంది లేస్తే తెలీదా ఏటి.
ఇన్నాళ్ళూ కూడా తెలిసేదేమో.

వరసలోంచి ఒకసారి తిరిగింది.
ఏదో పెద్దమాటే అంటుందని
కళ్ళు తుడుచుకుని సిద్ధంగా ఉన్నాను.
తన భుజం ముట్టుకుంది,
నా వైపు వేలు చూపింది,
రెండు వేళ్ళూ విడదీసింది.
అప్పా, జాకెట్టు కుట్టూడింది.

చూసుకున్నాను.
ఎడమ భుజం, రెండంగుళాలు.
ఊరందరికీ కుట్టే మనిషిని.
పైట సర్దుకుని వెతికాను.
కత్తెర చేతిలోనే ఉంది.
సూది దాని సంచీలో ఉండిపోయింది.
దాన్నెవరూ ఆపలేదు.