దిమ్మిస

నాకు ఆడటం రాదు.
మట్టి తెలుసు, అంతే.

బ్రిటనీలో, సముద్రం వాసన కూడా రానంత లోపల,
అజెనోర్, తాంగీ కొనుక్కున్న రాతి ఇంటికి
నేల వేయాలి.
మన్ను, ఇసుక, తరిగిన గడ్డి, కాస్త సున్నం.
పిడికిట పడితే నిలవాలి,
వేలితో పొడిస్తే విరగాలి. అదీ పదును.
మిషను తెస్తే ఒక్క పూట పని అన్నాను.
"ఊరిని పిలిచాం," అంది అజెనోర్,
"వెనకటికి ఇలాగే ఆడి తొక్కేవాళ్లట."
వెనకటికి తలనిండా పేలు కూడా ఉండేవి, అందామనుకున్నాను.
అనలేదు. డబ్బు వాళ్లది.

నలభై మందనుకుంటే ఎనభై మంది.
చెక్కబూట్ల ముసలివాళ్లు, రబ్బరు బూట్ల పాలవాళ్లు,
పోస్టాఫీసు మనిషి ఆఫీసు జోళ్లతోనే.
ఇల్లు చూస్తే పదహారు అడుగులు.
అందుకని వరస వీధి గుమ్మంలోంచి వచ్చి,
చుట్ట చుట్టుకుని, విప్పుకుని,
పెరటి గుమ్మంలోంచి చీకట్లోకి పోయి
తలల మీద కాస్త వానను మోసుకుని మళ్లీ వచ్చేది.
గుమ్మం దగ్గర గోనెపట్టా పరిచాను.
ఒక్కరు కాళ్లు తుడుచుకుంటేనా!

పొయ్యి పక్కన నిలబడి సోయిజిగ్, రివాల్.
వాద్యం లేదు. ఉన్నవి రెండు గొంతులు.
ఆమె చరణం కొస ఇంకా నోట్లో ఉండగానే
అతను అందుకుంటాడు,
తాడు పేనేవాడు
పోగు తరిగిపోకముందే పోగు కలిపినట్టు.
ముడి ఎక్కడుందా అని చెవి పెట్టి వెతికాను.
దొరకలేదు.

ఆగస్టులో ఇదే ఆటను వేదిక మీద చూశాను.
నల్ల మఖమలు, గంజి పెట్టిన లేసు టోపీలు,
చేతులు ఎంత ఎత్తు లేచాయో
కాగితం మీద రాసుకునే పెద్దలు.
తాంగీ జట్టుకు మూడో స్థానం వచ్చి
వారం రోజులు తిండి సయించలేదు వాడికి.
అక్కడ చప్పట్లు.
ఇక్కడ చప్పుడు.
నాకు కావలసింది చప్పుడే:
మొదట చెమ్మగా, చప్, చప్.
పదకొండు దాటాక
అడుగున బండ ఉన్నట్టు, ధన్, ధన్.

గవొత్ అయ్యాక ఆన్ డ్రో ఎత్తుకున్నారు.
చేతులు వదిలి చిటికెన వేళ్లు కలిపారు.
ఎవరో సైడర్ తాగడానికి వరస విడిచారు,
ఖాళీ మూసుకుంది,
మూసుకున్నచోట గుల్వెన్ పక్కన ఎదెర్న్.
గట్టు మీది కంచెకు పదకొండేళ్ల వ్యాజ్యం,
ఇద్దరు లాయర్ల ఇళ్లకు కొత్త కప్పులు.
(ఒకటి నేనే వేశాను.)
వేళ్లు గాలిలో ఒక్క అడుగుసేపు ఆగాయి.
పాట ఆగదుగా.
కొక్కెం పడింది.
ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.
ఎంత కోపంగా తొక్కారంటే, తర్వాత
ఆ మేర రసమట్టం పెడితే బుడగ కదల్లేదు.
పగ కూడా మంచి దిమ్మిసే.
వ్యాజ్యం ఇంకా నడుస్తోంది, అది వేరే సంగతి.

ఆటకు మూలలుండవు. ఇంటికి నాలుగు.
ఎవరి కాలూ పడక అవి మెత్తగా మిగిలాయి.
దిమ్మిస తీసుకుని గోడవారగా పోయాను,
నా పని నేను చేసుకుందామని.
పది దెబ్బలు వేశాక గమనిస్తే
నా దెబ్బ వాళ్ల అడుగు మీదే పడుతోంది.
తప్పిద్దామని కాస్త ముందు వేశాను, కాస్త ఆగి వేశాను.
చేతులు మాట వినలేదు.
సోయిజిగ్ పాట ఆపకుండానే
గడ్డంతో నన్ను చూపించింది రివాల్‌కి,
అడుగో, ఆడటం రానివాడు అన్నట్టు.

మూడు వారాలకు ఆరింది.
పొయ్యి దగ్గర గుంటలు మిగిలాయి,
రాత్రంతా అక్కడే నిలబడి తాళం వేసిన
రెండు జతల మడమలవి.
పూడుస్తానన్నాను. పూడ్చనివ్వలేదు.
బిల్లులో ఆ మేరకు నేనూ తగ్గించలేదు.
బిందె ఒలికితే నీళ్లు అక్కడికే చేరతాయి,
పిల్లి వచ్చి తాగిపోతుంది,
సోయిజిగ్ గుంటలోవి ముందు.