నలభై రాత్రుల ఊపిరి

ఓస్టరోయ్ దీవిలో అక్టోబరులో
వాన పడుతోందని చెప్పడం
సముద్రం తడిగా ఉందని చెప్పడం లాంటిది.
ఐలర్ట్ గడ్డికొట్టంలోకి మా క్యారవాన్‌ని
వెనక్కి, ఇంకాస్త వెనక్కి తోస్తూ
"ఈసారి నువ్వు చెప్పినట్టే" అన్నాడు ఒడ్వార్,
నా వైపు చూడకుండా.

నిరుడు అతని మాటే నెగ్గింది.
కిటికీలు బిగించాం. గాలిరంధ్రాలకి టేపు వేశాం.
చంటిబిడ్డకి దుప్పటి చుట్టినట్టు
టార్పాలిన్ చుట్టి, మోకు కట్టి, తాళం వేసి
ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాం.

ఏప్రిల్లో తలుపు తీస్తే
ముందు వాసన బయటికొచ్చింది,
మీరెవరని అడుగుతున్నట్టు.
పాత గోనెసంచి, తడిసిన కుక్క,
ఎవరో మరిచిపోయిన బంగాళాదుంప.
పరుపు ఎత్తితే అడుగున నల్లటి చుక్కలు.
కప్పు నిండా చుక్కలు.
నా ఎర్ర ఉన్నిటోపీకి
బూడిదరంగు నూనూగు మీసం.

వాన దిగిందన్నాడు.
మే నెలంతా నేను లోపల టార్చిలైటుతో,
తను బయట నిచ్చెన మీద నీళ్ళ గొట్టంతో.
"వచ్చిందా?"
"రాలేదు."
"ఇప్పుడో?"
"లేదు."
అతుకులన్నీ అతుకుల్లానే ఉన్నాయి.
ఇంటిదొంగ కోసం
వీధి గుమ్మంలో కాపలా కాస్తున్నామని
మాకెవరు చెప్పాలి?

ఐలర్ట్ చెప్పాడు.
పదేళ్ళప్పటి నుంచీ గడ్డి దాస్తున్నవాడు.
పరుపు అంచు వేళ్ళతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని
"ఇది వాన కాదు. మీరే" అన్నాడు.
"నలభై రాత్రులు ఇద్దరూ ఇందులో పడుకున్నారు.
చేప సూపు కాచారు, తడి సాక్సులు ఆరేశారు,
ఊపిరి పీల్చారు, వదిలారు.
వదిలిందంతా లోపలే ఉంచి తాళం వేశారు.
పచ్చిగడ్డిని వామేస్తే ఏమవుతుందో
మా దూడకి కూడా తెలుసు."

ఒడ్వార్ మూడు రోజులు
ఐలర్ట్‌తో మాట్లాడలేదు.

అందుకే ఇప్పుడు ఇలా.
పరుపుల్ని గోడకి ఆనకుండా నిలబెట్టాం.
అలమారాల తలుపులన్నీ బార్లా.
ఫ్రిజ్ నోరు మూసుకోకుండా అడ్డంగా ఒక చెక్క చెంచా.
కుళాయిలు తిప్పి, గొట్టాల్లో మిగిలిన
గుక్కెడు నీళ్ళూ వదిలేశాం.
తువ్వాళ్ళు, కర్టెన్లు, పేకముక్కలు సైతం ఇంటికి.
(ముక్కలు మెత్తబడితే ఆట సాగదట.
ఓడినప్పుడల్లా ఒడ్వార్ చెప్పే సాకు.)
వెనిగర్ గుడ్డతో కప్పు తుడిచాను.
పైకిటికీ అగ్గిపుల్లంత తెరిచి
ఎలుక దూరకుండా వల బిగించాను.
ఊడదీసిన టేపు జిగురు
గాలిరంధ్రాల చుట్టూ ఇంకా నల్లగా అంటుకునే ఉంది.
నేనేమీ అనలేదు.

నేల మధ్య ఒక గిన్నె, దాని మీద జల్లెడ,
జల్లెడలో తెల్లటి ఉప్పు పలుకులు,
గాలిలోని తడిని తాగే రకం.

అన్నీ తెరిచిపెట్టి రావాలంటే
అతనికి చెయ్యి ఆడలేదు.
దొంగలు పడ్డ ఇల్లులా ఉందన్నాడు.
ఆ రాత్రి రెండింటికి మెలకువొస్తే పక్క ఖాళీ.
చేను అవతల, కొట్టం పలకల సందుల్లో
టార్చిలైటు కదులుతోంది.
మూసేస్తున్నాడనుకున్నాను.
పొద్దున్నే వెళ్ళి చూశాను:
అగ్గిపుల్లంత సందు అలాగే ఉంది.
గిన్నె పక్కన ఇంకో గిన్నె.

మళ్ళీ ఏప్రిల్. తలుపు తీశాం.
ఎవరూ ఎదురు రాలేదు.
కొంచెం వెనిగర్, కొంచెం ప్లైవుడ్, అంతే.
రెండు గిన్నెల్లోనూ నీళ్ళు,
కలిపి కొలిస్తే లీటరున్నర.
ఒడ్వార్ వేలు ముంచి నాలుక దాకా తెస్తుంటే
చేతిమీద ఒకటి వేశాను.
"మనదేగా" అన్నాడు.

"పచ్చిక మీద పొయ్యకండి, మాడిపోతుంది!"
కొట్టం చివరి నుంచి ఐలర్ట్ కేక.
కంకర రోడ్డు దాకా మోసుకెళ్ళాం,
చెరో గిన్నె,
తొణక్కుండా.