మధ్య గడి

రాజోలు లాకుల పక్క మా జిరాక్సు కొట్లో
ఆవిడ అడుగు పెట్టగానే కరెంటు పోతుంది.
తప్పు ఫీడరుది.
అయినా ఆవిడే "సారీ అండి, ఆయ్" అంటుంది,
కువైట్‌లో మొగుడి దగ్గర పట్టుకున్న ఆయ్‌తో.

పేరు జోసెలిన్.
మా వీధి నాలుక మీద ఎప్పుడో జ్యోత్స్నమ్మ అయిపోయింది.
ఉందుర్తి ప్రభుదాసు భార్య.
ఒకే షేకు ఇంట్లో అతను స్టీరింగు, ఈమె ఉయ్యాల.
ఇప్పుడు చంకలో సొంత పిల్ల, పదకొండు నెలలు,
చేతిలో ప్లాస్టిక్ కవరు,
కవరులో దేశం.

"నాలుగు కాపీలండి."
పిల్ల పుట్టిందని ఫిలిప్పీన్స్‌కి కబురు చెప్పాలంటే నాలుగు.
దానికంటే ముందు పెళ్ళి కబురు చెప్పి ఉండాలట,
చెప్పలేదు కాబట్టి దానికీ నాలుగు,
ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో ఒక అఫిడవిట్టు.
నోటరీ భానుమూర్తి గారు కళ్ళజోడు పైకి తోసి
"ఆలస్యానికి కారణం?" అన్నారు.
ఆవిడ చాలాసేపు కాలవకేసి చూసింది.
"వరద."
అబద్ధమేం కాదు. ఆ ఏడు లంకలో వాళ్ళింట
మంచం పట్టెల దాకా నీళ్ళు,
పెళ్ళి సర్టిఫికెట్టు అచ్చు కరిగి
కొబ్బరికాయల లెక్కల పుస్తకానికి అంటుకుపోయింది.
ఆయన వరద అనే రాశారు. యాభై తీసుకున్నారు.

ఢిల్లీ నుంచి ఎంబసీ ఫోను.
"ఓపో... ఓపో... సలామత్ పో..."
లాకుల మీద గేలాలేసిన కుర్రాళ్ళు తల తిప్పారు,
ఎవర్నమ్మా అలా పొమ్మంటోంది!
పెట్టేశాక నవ్వింది.
వాళ్ళ పో అంటే మన అండి.
మనం పొమ్మనే మాటతోనే
వాళ్ళు మర్యాద చేస్తారు.

ఫొటోకి తెల్ల వెనకతెర కావాలి.
మా ఆయన పంచె మేకులకి తగిలించాం.
పిల్ల నవ్వకూడదు, నోరు మూసి ఉండాలి,
చెవులు రెండూ కనపడాలి.
పదిహేడోసారికి దయ తలచింది.

ఇక ఫారం.
పేరు, మధ్య పేరు, చివరి పేరు.
పంచాయతీ కాగితంలో ఉందుర్తి గ్రేస్ మాయుమి.
మనకి ఇంటిపేరు ముందు, వాళ్ళకి వెనక,
అంతేకదా అని అటుదిటు మార్చి
మధ్యలో మాయుమి అని కొట్టేశాను.
"కాదండి," అంది, తెర మీద వేలు పెట్టి,
"ఇక్కడ నేను ఉండాలి."

నేనంటే, అమ్మ పుట్టింటి పేరు.
మగ్‌బనువా.
బన్వా అంటే వాళ్ళ వైపు ఊరు.
తన పాస్‌పోర్టు తెరిచి చూపించింది,
మధ్యలో వాళ్ళమ్మ, సొరోంగాన్.
పిల్ల ఎక్కడ సంతకం పెట్టినా
అమ్మ పుట్టిల్లు ఆ గడిలో కూర్చునే ఉంటుంది.
వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.
పాడైన కాగితానికి డబ్బులు తీసుకోలేదు.

వాళ్ళు చించినాడ వంతెన దాటి పాలకొల్లు,
అక్కణ్ణుంచి తాడేపల్లిగూడెం రైలుకి వెళ్ళిపోయారు,
పిల్లకి మూడు డజన్ల అరటిపళ్ళు, రెండు రాత్రుల ప్రయాణం.

సాయంత్రం బేరాల్లేవు.
అదే ఫారం తీసి నాకు నేనే నింపుకున్నాను.
ఆధారు మీద కడలి, అత్తవారిది.
టెన్త్ సర్టిఫికెట్టు మీద యాళ్ళ, నాన్నది.
అమ్మది పెచ్చెట్టి, అది నోటికి తెలుసు,
ఏ కాగితం మీదా లేదు.
మరి అమ్మమ్మది?
మండపేట మావయ్యకి ఫోను చేశాను.
"మా అమ్మ పుట్టింటోళ్ళా? ద్రాక్షారం వైపే...
ఏదో ఉండేది, నాలిక చివరే ఉంది...
ఇప్పుడెందుకే, ఆస్తేమైనా కలిసొస్తుందా?"

ప్రింటు కొట్టాను.
కాగితం సగం బయటికొచ్చాక కరెంటు పోయింది.
మెల్లగా లాగాను,
మధ్య గడి దగ్గర సిరా అలుక్కుపోయింది.

దాన్ని పారేయలేదు.
స్టాప్లరు కింద పెట్టాను.
మావయ్యకి గుర్తొస్తే
ఫోను చేస్తానన్నాడు.