ఏడో గడి

చిత్తూరు జెడ్పీ మీటింగు హాల్లో
మాకు మూడు రోజుల శిక్షణ.
గోడకు ఫ్లెక్సీ కట్టారు:
మానవ హక్కుల కమిషన్, సామర్థ్య పెంపు, భాగస్వామ్య సదస్సు.
ఒక చివర మా సింహాల ముద్ర,
ఇంకో చివర సముద్రాలవతలి సంస్థ ముద్ర,
నడుమ, కింద, చిన్నక్షరాల్లో
పెనుమూరు యానాదుల సంఘం.
దానికి ముద్ర లేదు. పేరొక్కటే.

నేను ఫిర్యాదులు తీసుకునే గుమాస్తాని.
కాయితానికి నంబరేయడం పంతొమ్మిదేళ్ల పని.
మొదటి రోజంతా తెర మీద వలయాలు తిరిగాయి,
బాణాలు ఒకదాన్నొకటి తరుముకున్నాయి.
పెరుగన్నం తిన్నాక నాకేవీ గుర్తులేవు.

రెండో రోజు మానికల కన్నెమ్మ వచ్చింది.
బెల్లం గానుగ కాడ పదహారేళ్లు,
మరిది పెండ్లికి తెచ్చిన ఎనిమిది వేలకు.
కూచోకముందే గోడకేసి చూసింది.
"సామర్థ్యమంటే ఏంది సామీ?"
తర్జుమాకొచ్చిన కుర్ర లాయరు గౌస్ తడుముకున్నాడు.
"చాతనయ్యేదక్కా."
"అంటే ఇన్నాళ్లూ మీకు చాతగాలేదని
గోడకు రాసుకోనుండారా?"

మా డిప్యూటీ రిజిస్ట్రారు దగ్గాడు.
సముద్రాలవతలి ఆమె తర్జుమా కోసం
ఇటూ అటూ చూసింది.
గౌస్ ఆ ఒక్క మాట తర్జుమా చెయ్యలేదు.

తర్వాత అభ్యాసం. ఆమె ఫిర్యాది, నేను గుమాస్తా.
ఎటూ నేను గుమాస్తానే.
పేరు, ఊరు, మండలం దాటి ఏడో గడికొచ్చాను.
"ఘటన జరిగిన తేదీ?"
"ఏ తేదీ చెప్పేది సారూ,
పదారేండ్లూ జరిగింది."

పెన్ను ఆగిపోయింది.
ఎనిమిది అంకెలు పట్టే చోటది.
అందులో పట్టనివాటిని ఏం చేస్తామో
నాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు.
'వివరాలు అసంపూర్ణం' అనే రబ్బరు ముద్ర
నా సొరుగులోనే ఉంటుంది,
పట్టుకుని పట్టుకుని పిడి నున్నబడింది.

ఆమే చెప్పింది:
"పెనంలో రసం ఉడుకుతా ఉంటే
ఒక బొట్టు నీళ్లలో యేసి చూస్తాము.
ఉండ కడితే ఆ గడియలోనే దించల్ల.
ముందు దించితే గడ్డ కట్టదు,
ఆలిస్యమైతే మాడతాది.
మీ కాడికి మేమొచ్చేదీ ఆ ఒక్క గడియే.
రేపు రాపో అంటే
రేపటికి గానుగాయనకు తెలిసిపోతాది."

సాయంత్రం దాకా ఆ ఒక్క గడి మీదే పేచీ.
ఎప్పటినుంచి ఎప్పటివరకు అని ఉండాలన్నది సముద్రాలవతలి ఆమె.
ఇంకా జరుగుతోందా అని అడగాలన్నాడు గౌస్.
రాసింది తిరిగి చదివి వినిపించమంది కన్నెమ్మ,
"నేను చెప్పిందా, మీరు చెప్పిందా తెలియల్ల కదా."
టీ వస్తే చక్కెర లేకుండా అడిగింది.
"తీపి వొద్దు నాయనా."
ఎందుకని ఎవరమూ అడగలేదు.

మూడో రోజు గ్రూపు ఫొటోలో ఆమె లేదు.
పెనుమూరు బస్సు మూడింటికే.
నివేదికలో 'స్థానిక ప్రతినిధి' అని ఉన్నచోట
ఆమె పేరు టైపు చేశాను,
పైన ఉంచారో కొట్టేశారో తెలీదు.

కొత్త ఫారం ఇంకా ప్రింటుకు పోలేదు, టెండరంటున్నారు.
అందాకా పాత ఫారాల అంచున,
ఏడో గడి పక్కన,
పెన్సిలుతో 'ఇంకా జరుగుతోందా?' అని రాస్తున్నాను.
వచ్చినవాళ్లకు చదివి వినిపిస్తున్నాను,
రోజుకు నాలుగు కాయితాలు తక్కువవుతున్నాయని
మెమో వచ్చింది.

ముద్రను పారేశానంటే అబద్ధం.
అప్పుడప్పుడు సొరుగు తెరిచి
దాని మీద ఇంకు ఆరిందో లేదో
వేలితో తాకి చూస్తుంటాను.