మైదా గంజి

రాత్రి రెండింటికి నీళ్ళొస్తాయి మా పాతూర్లో,
నాలుగు దినాలకోసారి.
బిందె పట్టుకోని లేస్తి, లైటేస్తి.
చెక్క బీరువా కింద నుంచి
సూది జారినట్ల ఏదో జారె.
నాపరాయి సందులోకి పోతా పోతా తోక కనపడె.
ఒకటి కాదు, మూడు తోకలు.

చెదలే పడుకో, అన్నాడు కుళ్ళాయప్ప కండ్లు తెరవకుండానే.
చెద అయితే మన్ను పూస్తుంది,
గుంపుగా వస్తుంది, పెండ్లివాళ్ళ మాదిరి.
ఇది ఒంటిది. రెక్కల్లేవు.
ముందర లావు, వెనక సన్నం, ముల్లంగి గడ్డ తీరు.
ఇంకోటి కనపడితే చెప్పుతో కొడితి.
ఎత్తి పారేస్తాంటే వేలికి అంటింది
పట్టుచీర జరీ రాలినట్ల పొడి.

పొద్దున బీరువా తీసి చూస్తిమి.
బైండింగుకొచ్చిన కాలేజీ రికార్డులు,
చెనక్కాయల మండీ శెట్టి జమాఖర్చు,
మసీదు చందాల పుస్తకం.
వీపు కాడ గుడ్డంతా జల్లెడ.
కాగితాన్ని కొరకలేదు, గీకి గీకి తినింది,
పలచబడి అవతలి లెక్క ఇవతలికి కనపడతాంది.
మిరియాల పొడి చల్లినట్ల చుక్కలు, పసుపు మరకలు.
శెట్టి బాకీలు మాత్రం ఎక్కడివక్కడే ఉండాయి,
ఇంకుకు రుచి లేదేమో.

ఏం తిన్నావే నువ్వు, అని తిట్టబోయి
నోరు మూసుకుంటి.
జిగురు కదా తినింది.
జిగురు ఉడికించేది నేను కదా.
ముప్పై ఏండ్లుగా ఒక పొయ్యి మీద సంగటి,
ఇంకో పొయ్యి మీద మైదా గంజి,
ఉండకట్టకుండా తిప్పి తిప్పి
దించే ముందు చిటికెడు మైలుతుత్తం.
గంజి నీలానికి తిరిగితే పురుగు ముట్టదు,
మా అత్త దస్తగిరమ్మ నేర్పిన పని.

పోయిన రంజాన్ నెలలో
మనవరాలు ఇమాంబీ గిన్నెలో వేలు ముంచి
నోట్లో పెట్టుకోబోయింది.
ఆ పొద్దు నుంచి నీలం మానేస్తి.
తెల్లటి గంజి, ఎవరు తిన్నా ఏమీ కాని గంజి.
తిన్నారు మరి.

నాకు అంతుపట్టనిది ఒకటే.
తేమ లేంది ఈ పురుగు బతకదంట.
అనంతపురంలో తేమ!
గొంతులే తడారిపోయే ఊరప్పా ఇది,
యాడ దొరికింది దీనికి?
బీరువా జరిపి గోడకు చెయ్యి పెడితే చల్లగా తగిలె.
సున్నం పొంగి బొబ్బలెక్కి ఉండాది.
ఓబులేసు వచ్చి సుత్తితో కొట్టి చూస్తే
లోపల పైపుకు గుండుసూదంత బొక్క.
నేను నిద్ర మానుకోని పట్టే నీళ్ళను
గోడ గమ్మున తాగుతా ఉండాది.
మునిసిపాలిటీకి తెలీదు, మాకు తెలీదు.
దీనికి తెలిసింది.

తర్వాత చేసినవి ఎవరైనా చేసే పనులే.
పైపు మార్పిస్తిమి, సందులకు తెల్ల సిమెంటు పూస్తిమి,
పుస్తకాలన్నీ మిద్దె మీద ఎండకేస్తిమి.
ఎండకైతే కరువు లేదు మాకు.
వేపాకు పెట్టు అనింది పక్కింటి గంగులమ్మ, పెడితి.
మేం తుమ్మినాం. అవి తుమ్మినట్ల లేదు.
ఆఖరికి పనికొచ్చింది ఊరగాయ సీసా,
బయట గరుకు కాగితం చుట్టి, లోపల రోంత మైదా.
ఎక్కేదానికి పట్టు దొరుకుతుంది,
లోపల గాజు మీద కాలు నిలవదు.

రెండో దినం పొద్దున మూడు పడి ఉండాయి.
చేపలు, చేపలు, అని ఇమాంబీ గంతులు.
తిండి లేకున్నా ఏడాది బతుకుతాదంట ఇది,
ఓబులేసు యాడనో విన్నాడు.
ఏడాదేమి,
మా నాయన చేను మూడేండ్లు వాన చూళ్ళేదు,
మేం బతకలేదా, అంటి.
ఎవరూ నవ్వలేదు.

సీసా తీసుకుపోయి కోళ్ళ ముందర కుమ్మరిస్తి.
చేతులు కడుక్కోని పొయ్యి ముట్టిస్తి.
మైలుతుత్తం డబ్బా ఇప్పుడు దూలం మేకుకు ఉంది,
అందుకోవాలంటే నాకే పీట కావాల.
శెట్టి పుస్తకానికి మళ్ళా వీపు వెయ్యాల,
సాయంత్రం లోపల మనిషిని పంపిస్తాడంట.